మా తంబి తాత ఇక లేడు

ఇసుకతిన్నె • ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. సూర్యాపేట, నకిరేకల్ వైపు వాళ్ళలో కొందరికైనా మూసీ ఒడ్డున ఉన్న మా ఊరి మిలిట్రీ తాత గుర్తుండాలి. మొన్న శుక్రవారం తెల్లవారుజామున పోయాడు. ఎనభై మూడేళ్ళు. ఇక్కడ పేరు రాయొద్దని ఇంటివాళ్ళు అన్నారు కాబట్టి రాయడం లేదు. రాసినా మా ఊరి పిల్లల్లో సగం మంది గుర్తుపట్టరు. అందరికీ ఆయన తంబి తాత. ఎవరు ఎదురైనా ‘ఏం తంబీ, యాడికి?’ అనేవాడు. ఆడపిల్లల్ని కూడా తంబీ అనే పిలిచేవాడు.

సైన్యంలో ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో పనిచేశాడు. బెంగళూరులో ట్రైనింగ్. అక్కడ అందరూ తమిళం మాట్లాడేవాళ్ళట, ఆ ‘తంబి’ అక్కడిదే. 1963లో పోయి, హవల్దార్‌గా 1980లో ఇంటికి వచ్చాడు.

ఎందుకు పోయావు తాతా అని ఒకసారి అడిగాను. పోలీస్ యాక్షన్ సంగతి చెప్పాడు. 1948 సెప్టెంబర్, ఆయనకు ఆరేళ్ళు. బెజవాడ వైపు నుంచి ఇండియా పటాలం వస్తుంటే, నిజాం సైన్యం వెనక్కి పోతూ సూర్యాపేట దగ్గర మూసీ మీది వంతెనను పేల్చేసింది. ఆ మోత మా ఊరిదాకా వినిపించిందట. తర్వాత వాళ్ళ నాయిన భుజాల మీద కూర్చోబెట్టుకుని చూపించడానికి తీసుకుపోయాడు. ‘అందరు తుపాకులు చూస్తుండ్రు. నేను మాత్రం నీళ్ళల్ల దిగి దోవ చేస్తున్నోళ్ళను చూసిన. తుపాకి పట్టుకున్నోడు గట్టున నిలవడ్డడు, పార పట్టుకున్నోడు ముందు పోయిండు’ అన్నాడు. అంతే. ఇంకేమీ చెప్పలేదు.

ఆయన చేతికర్ర గురించి చెప్పకుండా ఉండలేను. తుమ్మకర్ర, కొసకు ఇనుప పొన్ను. గడ్డి పెరిగిన చోటికి పోతే కర్రను నిలువుగా మోపేవాడు కాదు. ఏటవాలుగా, మెల్లగా నేలలోకి దించి, తీసి, బెత్తెడు పక్కన మళ్ళీ దించేవాడు. పాముల కోసమేమో అనుకునేవాళ్ళం. నా ఇంజనీరింగ్ అయిపోయాక గానీ ఆ కర్ర ఏం వెతుకుతుందో నాకు తెలియలేదు. యుద్ధం ముగిసి అప్పటికే ముప్పై ఏళ్ళు దాటింది. చెయ్యి మాత్రం మరిచిపోలేదు.

మీ దగ్గర ఆయన జ్ఞాపకాలు ఏమున్నా రాయండి. పదకొండో రోజుకు అన్నీ ఒక పుస్తకంలా ప్రింట్ తీసి అవ్వకు ఇద్దామని ఆశ. అవ్వకు చదువు రాదు, మనవరాలు చదివి వినిపిస్తుంది.

నకిరేకల్_టీచర్ • ఆదివారం రాత్రి 9:40

అయ్యో. నేను మీ ఊరి బళ్ళో ఆరేళ్ళు పనిచేశాను. ప్రతి ఆగస్టు 15కీ, జనవరి 26కీ ఇస్త్రీ తెల్లచొక్కా, దాని మీద మెడల్స్ పెట్టుకుని పిల్లలకంటే ముందే వచ్చి నిలబడేవారు. మాట్లాడమంటే మాట్లాడేవారు కాదు. జెండా తాడు ముడి మాత్రం ఆయనే వేసేవారు. ఆయన వేసిన ముడి ఒక్కసారి కూడా బిగుసుకుపోలేదు.

రేపు తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు చెయ్యి ఆడటం లేదు.

గట్టు_మీద • ఆదివారం రాత్రి 10:05

ఓం శాంతి. నాది ఒక ప్రశ్న, తప్పయితే క్షమించండి. వాట్సాప్‌లో అంత్యక్రియల వీడియో చూశాను. దేశానికి పనిచేసిన మనిషి పాడె మీద జాతీయ జెండా ఎందుకు కప్పలేదు? తుపాకుల వందనం కూడా లేదు. బాధగా అనిపించింది.

పాత_సాపర్ • ఆదివారం రాత్రి 10:31

తమ్మీ, నీ బాధ అర్థమైంది. అక్కడ పాడె మోసిన వాళ్ళలో నేనూ ఉన్నాను, కాబట్టి చెప్తాను. మాది మిర్యాలగూడ. నేనూ మద్రాస్ సాపర్‌నే, 1984 బ్యాచ్.

2002 జెండా నియమావళి ప్రకారం ప్రభుత్వ లాంఛనాలతోనో, సైనిక, పారామిలిటరీ లాంఛనాలతోనో జరిగే అంత్యక్రియల్లో తప్ప జెండాను దేని మీదా కప్పకూడదు. మనకు మనం తెచ్చి కప్పేది కాదు. అలా కప్పిన చోట కూడా చితి వెలిగించే ముందు, మట్టి వేసే ముందు తీసి మడతపెట్టాలి. ఇంటివాళ్ళలో ఒకరిద్దరు జెండా తెచ్చారు. నేనే వద్దన్నాను. అప్పుడు కొందరికి నా మీద కోపం వచ్చింది కూడా. అన్నకు నియమం అంటే ప్రాణం. ఆయన చివరి దోవలో నేను నియమం తప్పలేను.

తుపాకుల వందనం లేకపోతే లోటు అనుకోవద్దు. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ నుంచి పదకొండు మంది మాజీ సైనికులం వచ్చాం. టోపీలు పెట్టుకుని, మెడల్స్ వేసుకుని, అడుగు కలిపి నడిచాం. ఊరి బాట మీద అడుగు కలపడం కష్టం, గులకరాళ్ళు. అయినా కలిపాం.

ఇసుకతిన్నె • ఆదివారం రాత్రి 10:44

సార్, ఆ రోజు మీరు వద్దన్నప్పుడు నాకూ కోపం వచ్చింది. ఇప్పుడు చెప్తున్నా, మీరు చేసింది సరైందే.

పోస్టాఫీసు_కొడుకు • సోమవారం ఉదయం 6:50

మా నాయిన మీ పక్కూరి బ్రాంచి పోస్ట్‌మాస్టర్. నాలుగు ఊళ్ళ ఉత్తరాలు మా అరుగు మీదికే వచ్చేవి. 1971 నాటికి నాకు పదేళ్ళు. కాబట్టి ఇది విన్నది కాదు, చూసింది.

తంబి తాత ఉత్తరాలు నీలం ఇన్లాండ్ కవర్ మీద వచ్చేవి. పంపినవాడి చిరునామా దగ్గర ఊరు ఉండదు, నంబరు, పేరు, ‘56 ఏపీఓ’ (సైన్యం పోస్టాఫీసు) అంతే. ఈ 56 ఏపీఓ ఏ జిల్లాలో ఉందని నేను మా నాయినను అడిగితే, ‘అది ఊరు కాదు బిడ్డా, పటాలం యాడుంటే ఆడనే ఉంటది’ అన్నాడు. అవ్వకు చదువు రాదు కాబట్టి మా అరుగు మీద కూర్చుంటే మా నాయిన చదివేవాడు. జవాబు కూడా ఆయనే రాసేవాడు. అవ్వ చెప్పేది రెండు మాటలు, ‘మంచిగున్నం, నువ్వు మంచిగుండు’. మిగతాది మా నాయిన కలిపి రాసేవాడు, వానలు, ధరలు, ఎవరింట్లో పెళ్ళి, అన్నీ.

డిసెంబర్ 3న యుద్ధం మొదలైందని రేడియోలో చెప్పారు. పంచాయతీ రేడియో దగ్గర సాయంత్రం వార్తలకు ఊరంతా గుమిగూడేది. అవ్వ అక్కడికి రాలేదు. మా ఇంటికి వచ్చేది. రోజూ ఏదో ఒక వంక. చల్ల కోసమని ఒకరోజు, చాట అడగడానికని ఇంకో రోజు. వచ్చి మా నాయిన ముఖం చూసేది. ఆయన తల అడ్డంగా ఊపితే చల్ల తీసుకుని పోయేది. వాళ్ళింట్లో రెండు బర్రెలు పాలిస్తున్నాయి, చల్లకు కరువు లేదు. మా అమ్మ ఒక్కనాడూ ఆ మాట అనలేదు. అడిగిన ప్రతిసారీ గిన్నె నింపి ఇచ్చింది.

16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిందనీ, తొంభై వేల మందికి పైగా పట్టుబడ్డారనీ రేడియోలో వినిపించిన రాత్రి ఊళ్ళో డప్పులు కొట్టారు. అవ్వ మర్నాడు మళ్ళీ చల్లకు వచ్చింది. డప్పుల గురించి ఒక్క మాట లేదు.

ఉత్తరం సంక్రాంతికి ముందు వచ్చింది. మా నాయిన సంచి విప్పి అది చూడగానే సైకిల్ మీద నేరుగా వాళ్ళ పొలానికే పోయాడు, నేను వెనక కూర్చున్నా. అవ్వ మిరప తోటలో ఉంది. గట్టు మీద నిలబడే చదివాడు. అందులో యుద్ధం లేదు. ‘నేను క్షేమం. ఇక్కడ చలి బాగా ఉంది. ఎర్రెద్దుకు నాడాలు కొట్టించినారా? అమ్మకు దగ్గు తగ్గిందా? నా గురించి రంధి పెట్టుకోవద్దు.’ అంతే. అవ్వ మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి ‘ఎద్దుకు నాడాలు కొట్టించినమని రాయి అన్నా’ అంటూ గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆ రెండు వారాలూ, ఆ తర్వాతి నెలా ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు.

పాలమూరు_ఫౌజీబిడ్డ • సోమవారం ఉదయం 8:15

పొద్దున్నే ఏడిపించారన్నా.

పాత_సాపర్ • సోమవారం మధ్యాహ్నం 1:20

ఆ ఉత్తరంలో లేనిది నేను రాస్తాను. అన్న నాతో ఒక్కసారే చెప్పాడు. డిసెంబర్ 7, సాయుధ దళాల జెండా రోజు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్ళ కార్యక్రమం ముగిశాక నల్లగొండ బస్టాండులో సూర్యాపేట బస్సు కోసం ఇద్దరం రెండు గంటలు కూర్చున్నాం. అప్పుడు.

ముందు తెలియని వాళ్ళ కోసం. సాపర్ అంటే ఇంజనీర్ల దళంలో సిపాయి. మైన్లు తీయడం, వంతెన కట్టడం, దోవ చేయడం వాళ్ళ పని. మద్రాస్ సాపర్స్ పుట్టింది 1780లో. తమిళం, తెలుగు, మలయాళం, కన్నడం వాళ్ళం కలిసి ఉంటాం. అన్న 1971లో 9 ఇంజనీర్ రెజిమెంట్‌లో ఉన్నాడు. పశ్చిమ సరిహద్దులో షకర్‌గఢ్ ప్రాంతం. అక్కడ బసంతర్ అని ఒక ఏరు. ‘మన మూసీల సగం గూడ ఉండదు’ అన్నాడు. దానికి రెండు వైపులా పాకిస్తాన్ వాళ్ళు మైన్లు పాతారు, ఒక్కో చోట కిలోమీటరుకు పైగా లోతు.

ట్యాంకు మైను మనిషి కాలికి పేలదు, బండి బరువు పడాలి. మనిషి మైను వేరే. రెండూ కలిపి పాతుతారు, పెద్దదాన్ని తీయడానికి పోయినవాడు చిన్నదాని మీద కాలు వేయాలని. రాత్రి చీకట్లో పొట్ట మీద పడుకుని, చేతిలోని పుల్లను ఏటవాలుగా నేలలోకి గుచ్చుతూ పోవాలి. నిలువుగా గుచ్చితే మైను నెత్తి మీద పడుతుంది. ఏటవాలుగా అయితే పక్కకు తగులుతుంది. తగిలిన చోట వేళ్ళతో మట్టి తీయాలి. తీసిన దోవకు రెండు పక్కలా తెల్ల టేపు కట్టాలి, వెనక వచ్చే బండ్లకు గుర్తు. ఇసుకతిన్నె బాబూ, నువ్వు రాసిన కర్ర అదే.

డిసెంబర్ 15 రాత్రి. కాల్బలం ఏరు దాటి అవతల పట్టు సంపాదించింది. తెల్లారేలోపు మన ట్యాంకులు వాళ్ళ దగ్గరికి చేరాలి. వీళ్ళు మైన్లు తీస్తున్నారు, పైన ఫిరంగి గుండ్లు పడుతున్నాయి. సగం దోవ అయిందో లేదో, అవతలి నుంచి కబురు, శత్రువు ట్యాంకులు కదులుతున్నాయి, మన బండ్లు వెంటనే రావాలి అని. పూనా హార్స్ రెజిమెంట్ ట్యాంకులు ఆగలేదు. తీయని మైన్ల మీదుగానే పోయాయి. అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా.

‘మా పని సగమే అయింది తమ్మీ. పక్కకు జరిగి పండుకున్నం. బండి పోతుంటే కింద భూమి వణుకుతది గద, ఆ వణుకు కడుపుకు తగులుతుంటే ఇగ పేలుతది, ఇగ పేలుతది అని చెవులు ఆడనే పెట్టినం. ఒక్కొక్కటే లెక్కపెట్టిన. అన్ని దాటినయ్. మిగిలిన సగం తర్వాత తీసినం. రాత్రి నా చేతులు వణకలే. తెల్లారినంక వణికినయ్.’

ఆ ట్యాంకుల్లో ఒకదానిలో ఇరవై ఒక్కేళ్ళ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ఉన్నాడు. 16న అక్కడే ప్రాణం వదిలాడు, పరమవీర చక్ర వచ్చింది. అందరికీ తెలిసిన పేరు. ‘ఆ పిలగాడు మా దోవల నుంచే పోయిండు’ అన్నాడు అన్న. సాపర్లలో మేజర్ విజయ్ రతన్ చౌదరి కూడా ఆ యుద్ధంలోనే చనిపోయారు, మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఆ పేరు చెప్పినప్పుడు అన్న బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు. బస్టాండులో జనం చూస్తున్నారు. కాసేపు అట్లాగే నిలబడి, కూర్చుని, ‘చాయ్ తాగుదమా’ అన్నాడు.

17 రాత్రి ఎనిమిదింటికి కాల్పులు ఆగాయి. సాపర్లకు పని ఆగదు. కాల్పులు ఆగాక కూడా నేలలో ఉన్నవి తీయాలి. అందుకే మీ ఉత్తరం సంక్రాంతి దాకా రాలేదేమో.

పోస్టాఫీసు_కొడుకు • సోమవారం మధ్యాహ్నం 1:58

యాభై ఏళ్ళ తర్వాత ఆ ఉత్తరం వెనక ఏముందో ఇవాళ తెలిసింది. మా నాయిన ఉండి ఉంటే బాగుండేది.

పాలమూరు_ఫౌజీబిడ్డ • సోమవారం సాయంత్రం 5:30

మాది జడ్చర్ల దగ్గర. మీ తాత గురించే ఈ చర్చ, కానీ పాత సాపర్ సార్ రాసింది చదివాక నా చేతులు ఊరుకోవడం లేదు.

మా నాయిన కూడా ఫౌజే. లారీ డ్రైవర్. 1987లో శాంతి దళంతో శ్రీలంకకు పోయాడు, 1989లో వచ్చాడు. అక్కడ రోడ్ల కింద, కల్వర్టుల్లో పేలుడు పెట్టేవాళ్ళని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నా. మా నాయిన చెప్పలేదు. నా చిన్నప్పుడు స్కూటర్ మీద మహబూబ్‌నగర్ పోతుంటే ప్రతి కల్వర్టు ముందూ బండి ఆపేవాడు. స్టాండ్ వేసి, దిగి, వంగి కిందికి చూసి, వచ్చి ఎక్కేవాడు. బడికి లేటవుతుందని నేను గొణిగేవాణ్ణి. ఒకరోజు గట్టిగా అరిచాను కూడా, ‘కింద ఏముంటది నాయినా, చెత్త తప్ప!’ అని. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఆపడం మానేశాడు. కానీ కల్వర్టు వచ్చినప్పుడల్లా ఆయన వీపు గట్టిపడటం వెనక కూర్చున్న నాకు తెలిసేది.

పోయి ఆరేళ్ళయింది. అప్పుడు నేను అరవకుండా ఉండాల్సింది. మీ ఇళ్ళలో ఇట్లాంటి పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళు ఆగిన చోట ఆగండి. ఏం చూస్తున్నావని మెల్లగా అడగండి. ఫోన్లో రికార్డ్ చేసుకోండి. మా నాయిన గొంతు నా దగ్గర పద్నాలుగు సెకన్లే ఉంది, ‘బియ్యం బస్తా దించినవా’ అని అడిగింది.

నకిరేకల్_టీచర్ • సోమవారం రాత్రి 8:45

పాలమూరు తమ్ముడూ, మీ నాయన మిమ్మల్ని తప్పుపట్టి ఉండరు. పిల్లవాడికి భయం అంటుకోకూడదనే ఆపడం మానేసి ఉంటారు.

తీరిగ్గా రాస్తానన్నాను కదా, రెండు విషయాలు.

మొదటిది 2000 ఆగస్టు. హైదరాబాద్‌ను ముంచిన ఆ వాన తర్వాత మూసీ నిండుగా వచ్చింది, మా బడికీ ఊరికీ మధ్య ఉన్న వాగు ఎగదన్నింది. బళ్ళో నలభై మందికి పైగా పిల్లలు. సాయంత్రం నాలుగు. నీళ్ళు పెద్దవాళ్ళ మోకాళ్ళ వరకే, కానీ బురదనీళ్ళ కింద రోడ్డు ఎక్కడుందో, గుంత ఎక్కడుందో తెలియదు. తల్లిదండ్రులు అవతలి ఒడ్డున అరుస్తున్నారు. అప్పుడు ఆయన కర్రతో దిగారు. గుచ్చుతూ, అడుగు వేస్తూ, మళ్ళీ గుచ్చుతూ. భుజం మీద కంది కట్టె మోపు. గట్టి నేల ఎక్కడ దొరికితే అక్కడ రెండు పక్కలా ఒక్కో కట్టె పాతి, తన పంచె చించిన గుడ్డపేలికలు కట్టారు. అటు చేరడానికి ముప్పావు గంట పట్టింది. కుర్రవాళ్ళు తొందరపెడితే ఒక్కటే మాట, ‘గుర్తు పెట్టనిదే ఎవ్వరు కాలు పెట్టొద్దు’. తర్వాత పిల్లలందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ తెల్లపేలికల మధ్య నుంచి నడిచారు. ఒక్క చెప్పు కూడా కొట్టుకుపోలేదు. ఆయన ఎవరిదో లుంగీ కట్టుకుని ఇంటికి పోయారు.

ఆ రోజు నేను దాన్ని పెద్దమనిషి తెలివి అనుకున్నాను. బసంతర్ గురించి ఇవాళ చదివాకే, అది ఆయనకు రెండోసారి అని తెలిసింది.

ఇంకొకటి 2020 జూన్. గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 15న అమరుడయ్యాడు. 17 రాత్రి పార్థివ దేహం హకీంపేట నుంచి హైవే మీదుగా సూర్యాపేటకు వస్తుందని తెలిసి, మేమందరం రోడ్డు పక్కకు చేరాం. కరోనా రోజులు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, రావొద్దని కొడుకు బతిమాలాడు. వినలేదు. మూతికి తువ్వాల కట్టుకుని, మెడల్స్ పెట్టుకుని గంటల తరబడి నిలబడ్డారు. కుర్చీ తెస్తే కూర్చోలేదు. వాహనాలు వచ్చినప్పుడు సెల్యూట్ చేశారు. చివరి బండి ఎర్రలైటు మాయమయ్యేదాకా చెయ్యి దించలేదు. తిరిగి వస్తుంటే ‘నా కొడుకు కంటే చిన్నోడు సారూ’ అన్నారు. మర్నాడు కేసారంలో అంత్యక్రియలు అవుతుంటే ఇంట్లో టీవీ ముందు కూడా నిలబడే ఉన్నారని విన్నాను.

మనవరాలు_ఎస్పీటీ • మంగళవారం రాత్రి 7:10

నేను ఆయన మనవరాలిని. అన్న చెప్తే ఇవాళ అకౌంట్ తెరిచాను. అన్నీ చదివాను. నాయినమ్మకు పోస్టాఫీసు పెద్దనాయిన రాసింది చదివి వినిపించాను. చల్ల సంగతి దగ్గర నవ్వింది. శుక్రవారం నుంచి ఇదే మొదటిసారి నవ్వడం. ‘ఆయనకు తెలుసా, మా ఇంట్ల బర్రెలున్నయని?’ అంది.

నిన్న తాత ట్రంకుపెట్టె తెరిచాం. నల్లపెట్టె, మూత మీద తెల్లరంగుతో నంబరు, పేరు. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. లోపల వేపాకు వాసన. పైన డిశ్చార్జి పుస్తకం, దాని కింద మెడల్స్, ఒక్కోటి విడిగా పాత బనీను గుడ్డలో చుట్టి ఉంది. పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, రక్షా మెడల్, సైన్య సేవా మెడల్, ఇంకా రెండు. నాయినమ్మ పంపిన ఉత్తరాలన్నీ ఉన్నాయి, పోస్టాఫీసు తాతగారి చేతిరాతతో. కట్టలు కట్టి, కట్ట మీద ఏ సంవత్సరమో రాసి పెట్టాడు. 1971 కట్టలో ఒక ఇన్లాండ్ కవర్ మడతలు చిరిగిపోయి ఉన్నాయి. ఎన్నిసార్లు విప్పి ఉంటాడో. అందులో కూడా ‘మంచిగున్నం, నువ్వు మంచిగుండు’ అనే ఉంది, తర్వాత పత్తి ధర.

అడుగున ఒక తెల్ల టేపు చుట్ట. పసుపు రంగుకు తిరిగింది, జానెడు కూడా లేదు. దర్జీ టేపు అనుకుని నేను పక్కన పెట్టబోతే నాయినమ్మ చేతిలోంచి తీసుకుంది. ‘అది కుట్టుపనిది గాదు. దోవ గుర్తు’ అంది. ఆమెకు తెలుసు. పాత సాపర్ తాతతో ఒక్కసారే చెప్పాడని రాశారు కదా, ఈమెకు ఎప్పుడు చెప్పాడో, ఎంత చెప్పాడో మాకెవరికీ తెలియదు. అడిగితే ‘చెప్పిండు’ అని ఊరుకుంది.

రెండు సాయాలు కావాలి. ఒకటి, నాయినమ్మ పింఛను. రికార్డుల్లో ఆమె పేరు ఒకరకంగా, ఆధార్‌లో ఇంకోరకంగా ఉంది. ఒక ఆఫీసులో ఇది కుదరదు పొమ్మన్నారు. బాగా టెన్షన్‌గా ఉంది. రెండు, పదకొండో రోజున తాత మెడల్స్ నేను పెట్టుకోవచ్చా?

పాత_సాపర్ • మంగళవారం రాత్రి 7:52

బిడ్డా, టెన్షన్ వద్దు. ఇది పాత వాళ్ళందరికీ ఉన్న సమస్యే. భర్తీ రోజున గుమాస్తా చెవికి ఎట్లా వినపడితే అట్లా రాశాడు.

ముందు మరణ ధ్రువపత్రం తీసుకోండి, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపండి. ఆలస్యమైతే తాత ఖాతాలో పడిన పింఛను వెనక్కి తీసుకుంటారు, మళ్ళీ తలనొప్పి. పీపీఓ కాగితం (పింఛను మంజూరు ఉత్తర్వు), డిశ్చార్జి పుస్తకం, ఇద్దరి ఆధార్‌లు, జంట ఫోటో ఉంటే అదీ పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి రండి. రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ చేయించాలి, అక్కడి నుంచి బెంగళూరు రికార్డ్ ఆఫీసుకు పంపాలి. ఇప్పుడు పింఛన్లన్నీ రక్షణ శాఖ వాళ్ళ స్పర్శ్ పోర్టల్‌లోకి మారాయి, అది నేను చేయిస్తాను. తాత వయసును బట్టి మామూలు కుటుంబ పింఛను, అంటే చివరి జీతంలో 30 శాతం లెక్క వస్తుంది. వైద్యానికి ఈసీహెచ్ఎస్ కార్డు (మాజీ సైనికుల వైద్య పథకం) నాయినమ్మకు కొనసాగుతుంది. గురువారం పది గంటలకు నేను కార్యాలయం గేటు దగ్గర ఉంటాను. నాయినమ్మను ఇప్పుడే తిప్పకండి, నువ్వు రా చాలు.

మెడల్స్ పెట్టుకో. నీ సొంతవి కావు కాబట్టి కుడివైపు పెట్టుకోవాలి. సంపాదించినవాడికి ఎడమ, ఇంటివాళ్ళకు కుడి.

ఐదున్నర_నిమిషాలు • మంగళవారం రాత్రి 11:20

అక్కా, నేను మీ ఊరి చివర ఇళ్ళలో ఉంటా. రాయడం రాదు, తప్పులుంటే ఏమనుకోవద్దు.

నేను అగ్నివీర్‌కు ప్రిపేర్ అవుతున్నా. తాత మా ఆరుగురిని పొద్దున ఐదున్నరకు హనుమాన్ గుడి దగ్గర నిలబెట్టేవాడు. గుడి నుంచి కాలువ తూము దాకా పోయి వస్తే 1600 మీటర్లు. తాతే టేపుతో కొలిచిండు. ఐదు నిమిషాల ముప్పై సెకన్ల లోపల వస్తే ఫుల్ మార్కులు. తాత చేతిలో హెచ్ఎంటీ గడియారం. ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంది తాతా అంటే ‘నాకు దీంట్లనే కనవడ్తది’ అనేవాడు. ఒక్క సెకను కూడా తగ్గించి చెప్పలేదు. ‘ఐదు నలభై రెండు. రేపు మళ్ళ.’ అంతే. తిట్టడు, మెచ్చుకోడు. మా వాళ్ళలో ఇద్దరు సెలెక్ట్ అయిండ్రు. నాకు ర్యాలీలో రెండుసార్లు పోయింది.

పోయే ముందు బుధవారం కూడా వచ్చిండు, తాత. నడవలేక గుడి మెట్టు మీద కూర్చున్నడు. ఆ రోజు నాది ఐదు ముప్పై నాలుగు. నాలుగు సెకన్లు. గడియారం చూసి, నన్ను చూసి, ‘తంబీ, తూము దగ్గర మలుపుతున్నప్పుడు నువ్వు ఎనకకు చూస్తున్నవ్. చూడకు’ అన్నడు.

గురువారం రాలేదు. మేము గుడి దగ్గర ఏడింటి దాకా ఉన్నం.

ఇసుకతిన్నె • బుధవారం ఉదయం 6:05

తమ్మీ, ఇది కూడా ప్రింట్‌లో పెడుతున్నా. ఒక్క అక్షరం మార్చను.

పోస్టాఫీసు_కొడుకు • బుధవారం ఉదయం 7:30

పదకొండో రోజుకు నేనూ వస్తాను. అవ్వకు చెప్పండి, ఈసారి చల్ల మా ఇంటి నుంచి నేనే తెస్తానని.

మనవరాలు_ఎస్పీటీ • బుధవారం రాత్రి 8:40

గురువారం పది గంటలకు వస్తాను తాతా, కాగితాలన్నీ సర్దుకున్నా.

తమ్మీ, గడియారం మా దగ్గరే ఉంది. శుక్రవారం నుంచి కీ ఇవ్వక ఆగిపోయింది. నాయినమ్మ ఇవాళ నా చేతిలో పెట్టి, కీ ఎట్లా తిప్పాలో చూపించింది. ఎక్కువ తిప్పొద్దట. రేపు ఐదున్నరకు మీ ఆరుగురూ గుడి దగ్గరికి రండి, పది గంటల పనికి ముందే అయిపోతుంది. టైం నేను చూస్తా.

ఐదున్నర_నిమిషాలు • బుధవారం రాత్రి 8:43

వస్తం అక్కా.